బోర్డు మీద లెక్క చేసేయడానికి తొందరపడకండి

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. డీఎస్సీలో ఉద్యోగం వచ్చి రెండేళ్లు కావస్తోంది. తొమ్మిదో తరగతిలో 38 మంది పిల్లలు. నలుగురైదుగురు తప్ప ఎవరూ నోరు విప్పరు. కొంచెం కష్టమైన లెక్క ఇస్తే పెన్ను కింద పెట్టి నేను బోర్డు మీద ఎప్పుడు చేస్తానా అని చూస్తారు, చేశాక శుభ్రంగా ఎక్కించుకుంటారు. పిల్లల్ని ప్రోత్సహించాలని ట్రైనింగులో చెప్పారు కదా అని గుడ్, వెరీ గుడ్ అంటూనే ఉన్నాను, ఏమీ మారలేదు. కష్టమైనవి ఇస్తే డీలా పడుతున్నారు, తేలికవి ఇస్తే బాగా చదివేవాళ్లకి బోర్ కొడుతోంది. ఒకరోజు విసుగొచ్చి ఒక అమ్మాయిని 'ఇంత చిన్న లెక్క కూడా రాదా' అనేశాను, అప్పటినుంచి ఆ పిల్ల నా వంక చూడటం మానేసింది. స్టాఫ్ రూంలో ఒక సీనియర్ సార్ 'కూలికి పోయే ఇళ్ల పిల్లలమ్మా, వాళ్లకి ఇవన్నీ ఎందుకు, బిట్లు బట్టీ పట్టించి పాస్ చేయించు చాలు' అంటారు. తల్లిదండ్రులేమో 'నాలుగు తగిలించండి టీచర్' అంటారు. అసలు పిల్లల్ని ప్రోత్సహించాలా, గట్టిగా పట్టాలా? ఇవన్నీ చూసుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ సీనియర్ సార్ మాట సంగతి తేల్చుకుందాం, అది మీ చెవిలో ఉన్నంతకాలం నేను చెప్పేదేదీ మీ క్లాసులో నిలబడదు. ఆయన చెడ్డవారని నేననను. పాస్ పర్సంటేజీ ఎంత అని అడిగిన అధికారులే తప్ప, మీ పిల్లలు లెక్క ఎలా ఆలోచిస్తున్నారండీ అని అడిగినవాళ్లు ఆయనకి తగిలి ఉండరు. కానీ ఆ మాట తప్పు. పిల్ల పుస్తకం తెరవకముందే వాళ్ల నాన్న ఏం పని చేస్తాడో చూసి, ఆమెకి ఎంత చదువు చాలో కొలిచి ఇచ్చేయడం అది. పత్తి ఏరడానికి పోయే తల్లి ఎన్ని కిలోలకి ఎంత కూలి రావాలో నోటితోనే లెక్క కట్టి, తేడా వస్తే అక్కడే నిలబడి అడుగుతుంది, ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి లెక్కలు ఎక్కవని ఎవరు చెప్పారు?

టీచర్ ఏమనుకుంటారో అది పిల్లదాకా వెళ్తుంది. రోసెంథాల్, జాకబ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఒక ప్రాథమిక పాఠశాలలో లాటరీ తీసినట్టు కొందరు పిల్లల్ని ఎంచి, 'వీళ్లు ఈ ఏడాది బాగా పైకొస్తారు' అని టీచర్లకి చెప్పారు. ఏడాది తిరిగేసరికి, ముఖ్యంగా ఒకటి రెండు తరగతుల్లో, ఆ పిల్లలు మిగతావాళ్ల కంటే ముందుకెళ్లారని 1968లో అచ్చువేశారు. ఆ ప్రభావం నిజంగా అంత పెద్దదా అని తర్వాత చాలా వాదనలు జరిగాయి, అవి అలా ఉంచండి. టీచర్ మనసులో మాట పిల్లకి ఏ దారిన చేరుతుందన్నదే నాకు ఎక్కువ ముఖ్యం. దానికి మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో క్లాసుల్ని టేపు మీద రికార్డు చేసి ఒక జవాబు పట్టుకుంది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. బాగా చదువుతారనుకున్న పిల్లల దగ్గర దాదాపు రెండు సెకన్లు ఆగుతున్నారు, రాదనుకున్న పిల్లల దగ్గర సెకను కూడా నిండకుండానే ఇంకొకరి మీదికి వెళ్లిపోతున్నారు. ఎవరికి ఎక్కువ టైం కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతోంది! ఆ టీచర్లెవరూ కావాలని చేసింది కాదు. మూడు సెకన్లు, ఆ పైన ఆగడం అలవాటు చేసుకున్న క్లాసుల్లో జవాబులు పొడవయ్యాయి, అసలు జవాబే ఇవ్వనివాళ్లు తగ్గారు, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు.

కాబట్టి రేపు మీ క్లాసులో ముందు చేయాల్సింది ఇదే. ప్రశ్న అడిగి మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. మొదట్లో ఆ నిశ్శబ్దం పిల్లల కంటే మీకే ఇబ్బందిగా ఉంటుంది, ఆ నలుగురైదుగురూ చేతులు ఊపుతూ మేడం మేడం అంటారు, చేతులు దించమనండి. అందరూ ముందు నోట్సులో ఏదో ఒకటి రాయాలి, తప్పయినా సరే, ఆ తర్వాతే ఎవరైనా నోరు తెరవాలి అని రూలు పెట్టుకుంటే ఇంకా మంచిది. మీ పిల్లలు బద్ధకంతో పెన్ను కింద పెడుతున్నారని అనుకోకండి. ఒకటో తరగతి నుంచీ వాళ్లకి బాగా వంటబట్టిన పాఠం ఒకటుంది, రెండు నిమిషాలు ఊరుకుంటే సారో మేడమో చేసేస్తారని. ఇన్నేళ్లూ అదే జరిగింది కాబట్టి వాళ్ల లెక్కన వాళ్లు సరిగ్గానే ఉన్నారు. ఆ రెండు నిమిషాలూ దాటాక కూడా మీరు బోర్డు దగ్గరికి వెళ్లకపోతే, మొదటి వారం గొడవ పడతారు, సణుగుతారు, తర్వాత మెల్లగా పెన్నులు కదులుతాయి.

ఇక ప్రోత్సహించాలా, గట్టిగా పట్టాలా అని అడిగారు. ఇవి రెండు వేరు వేరు మందులు, ఏది ఎంత డోసు వేయాలో తెలియడం లేదు అన్నట్టు రాశారు. నేనలా చూడను. తేలిక లెక్క చేసిన పిల్లకి వెరీ గుడ్ అంటే ఆమెకి వినపడేది ఏంటో తెలుసా, మేడం దృష్టిలో నా స్థాయి ఇంతే అని. అదే పిల్లకి కాస్త మించిన లెక్క ఇచ్చి, 'ఇది కష్టమే, మొదటిసారికి రాకపోవచ్చు, చెయ్యి, నేనిక్కడే తిరుగుతుంటా' అని చెప్పి నిజంగానే ఆ బెంచీ చుట్టుపక్కల తిరిగితే, అంతకు మించిన ప్రోత్సాహం ఇంకొకటి లేదు. బీఈడీలో రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీని పది మార్కుల ప్రశ్నగా చదివి పరీక్ష రాసి మర్చిపోతాం గానీ, ఆయన చెప్పింది ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది: పిల్ల ఒంటరిగా చేయగలిగినదానికీ, ఎంత సాయం చేసినా చేయలేనిదానికీ మధ్యలో, కాస్త చేయూతతో చేయగలిగే చోటు ఒకటుంటుంది, పాఠం ఉండాల్సింది ఆ చోటే. కష్టమంతా ఆ చేయూత ఎంత ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నదాంట్లో ఉంది.

ఒక తప్పు తీసుకుని చూద్దాం. మీకూ బాగా తెలిసిన తప్పే, 1/2 + 1/3 = 2/5. పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కూడేస్తారు. తొమ్మిదో తరగతిలో కూడా ఉంటారు ఇలా చేసేవాళ్లు. మనం ఏం చేస్తాం? ఎర్ర పెన్నుతో కొట్టేసి, క.సా.గు. తీయాలి అని పక్కన రాసి, 5/6 వేసి ఇచ్చేస్తాం. పిల్ల దాన్ని చూసి ఎక్కించుకుంటుంది. వారం తర్వాత 1/4 + 1/3 ఇస్తే 2/7 వేసుకొస్తుంది. దానికి బదులు ఆ 2/5 ని కొట్టేయకుండా అలాగే ఉంచి అడగండి: 'సగం రొట్టె తిన్నావు, తర్వాత ఇంకో మూడో వంతు తిన్నావు, మొత్తం 2/5 తిన్నానంటున్నావు. 2/5 అంటే సగం కంటే ఎక్కువా, తక్కువా?' పిల్ల బొమ్మ గీస్తుంది. ఐదు ముక్కలు, అందులో రెండు. సగం కావాలంటే రెండున్నర ముక్కలు ఉండాలి. 'తక్కువ మేడం' అంటుంది. 'మరి సగం తిన్నాక ఇంకా తింటే తగ్గిందేంటి?' అనండి. అప్పుడు ఆ మొహం చూడాలి మీరు, కనుబొమ్మలు ముడిపడతాయి, ఒకసారి నోట్సు వంక, ఒకసారి బొమ్మ వంక చూస్తుంది. తప్పు అన్న మాట మీ నోట్లోంచి రాలేదు, తనకి తనే తెలిసింది. సరిగ్గా అక్కడ ఆగిపోండి. క.సా.గు. పేరు ఎత్తకండి. 'ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి కదా మేడం' అన్న మాట ఆ పిల్ల నోటినుంచి రావడానికి ఐదు నిమిషాలు పట్టొచ్చు, పీరియడంతా పట్టొచ్చు. వచ్చాక దానికి క.సా.గు. అని పేరు పెట్టడానికి మీకు అర నిమిషం చాలు, ఆ తర్వాత ఆమె 2/7 వేయడం చాలా అరుదు.

ఆపుకోవడం కష్టం, నాకు తెలుసు. పిల్ల తంటాలు పడుతుంటే పెన్ను లాగేసుకుని చేసిచ్చేయాలనిపిస్తుంది, అది ప్రేమే. కానీ ఆలోచించే పని మనం లాగేసుకుంటే పిల్లకి మిగిలేది చేతిరాత ఒక్కటే.

38 మందికి ఒకే లెక్క ఎలా ఇవ్వాలి, కొందరికి కష్టం కొందరికి తేలిక అన్నారు కదా. ఎక్కడినుంచైనా మొదలుపెట్టగలిగేవి, ఎంత దూరమైనా పోగలిగేవి ఉంటాయి, అవి వెతుక్కోవాలి. ఇది ప్రయత్నించండి. మేకల దొడ్డికి కంచె వేయడానికి 24 మీటర్ల తీగ ఉంది, దీర్ఘచతురస్రంగా వేయాలి, మేకలకి ఎక్కువ చోటు రావాలంటే పొడవు వెడల్పులు ఎంతెంత పెట్టాలి? కూడిక, గుణకారం వచ్చిన ప్రతి పిల్లా దీన్ని మొదలుపెట్టగలదు. 11, 1 పెడితే 11 చదరపు మీటర్లు. 10, 2 అయితే 20. తర్వాత 27, 32, 35, చివరికి 6, 6 దగ్గర 36. తీగ అంతే ఉన్నా చోటు మారిపోవడమే చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది, చుట్టుకొలత ఒకటే అయితే వైశాల్యమూ ఒకటే అని ఎనిమిదేళ్లుగా అనుకుంటూ వచ్చినవాళ్లు మీ క్లాసులో కచ్చితంగా ఉంటారు. వాళ్లు ఆ పట్టిక వేసుకుంటూ ఉండగా, ముందే అయిపోయిందని కూర్చున్న ఆ నలుగురి దగ్గరికి వెళ్లి, 36 లోంచి ఒక్కోటి ఎంత తగ్గిందో చూడమనండి. 35 కి 1 తగ్గింది, 32 కి 4, 27 కి 9, 20 కి 16. ఎందుకిలా వర్గాలే వస్తున్నాయి? ఎనిమిదో తరగతిలో వాళ్లు బట్టీ పట్టిన సర్వసమీకరణం, రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి తేడాతో గుణిస్తే వర్గాల తేడా వస్తుందన్నది, అది ఇక్కడ కళ్ల ముందు నిలబడి ఉంది, వాళ్లంతట వాళ్లు గుర్తుపట్టాలి. అది కూడా అయిపోతే, దొడ్డికి ఒకపక్క ఇంటి గోడ ఉంది, మూడు వైపులకే తీగ వేస్తే చాలు, ఇప్పుడెంత అని అడగండి. చతురస్రమే అని ధీమాగా 8, 8 వేసి 64 అంటారు. 6, 6, 12 వేసి చూడమనండి, 72 వస్తుంది. ధీమా పోయి పని మొదలవుతుంది. బాగా చదివేవాళ్లకి కావాల్సింది ఇలాంటి దెబ్బే, వాళ్లకీ అన్నీ తెలిసిపోయాయన్న భ్రమ నుంచి బయటికి రావాల్సిన అవసరం ఉంది.

సవాలు అంటే ఒత్తిడి అని మాత్రం అనుకోకండి. మన దగ్గర కష్టపడి చదివించడం అంటే పొద్దున ఐదింటి స్టడీ అవర్, రోజూ స్లిప్ టెస్ట్, గోడ మీద ర్యాంకుల లిస్టు అయిపోయింది. అక్కడ పిల్ల ఒక లెక్కతో పది నిమిషాలు ఒంటరిగా కుస్తీ పట్టే అవకాశం ఎప్పుడూ రాదు, టైం అయిపోతుంది. టెన్షన్ ఎక్కువ, ఆలోచన తక్కువ.

ఇంకో సంగతి, ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. భాగహారం రాని పిల్లకి తొమ్మిదో తరగతి బహుపదులు ఇచ్చి కుస్తీ పట్టు అంటే అది సవాలు కాదు, అవమానం. అలాంటి పిల్లలు మీ ఒక్క బళ్లోనే లేరు. 2023లో, పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 14 నుంచి 18 ఏళ్లవాళ్లని చూస్తే, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం సగం మందికి కూడా రాలేదు. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్లుగా చేస్తున్న పద్ధతి, తరగతిని బట్టి కాకుండా పిల్లకి వచ్చినదాన్ని బట్టి గుంపులు చేసి అక్కడినుంచి నేర్పడం, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వాళ్ల బృందాలు పరీక్షించి చూస్తే బాగా పనిచేసింది. మన ప్రాథమిక బళ్లలో చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం వెనకున్న ఆలోచన కూడా దీనికి దూరమేం కాదు. మీరు రోజుకి పదిహేను నిమిషాలు దానికి కేటాయించండి. ఎక్కాలు, భాగహారం, భిన్నాలు, ఎవరికి ఏది రాదో ఒక చిన్న కాగితం మీద రాసుకుని ఆ గుంపుకి అది. పత్తి ఏరే సీజన్లో పది రోజులు రాకుండా పోయి తిరిగొచ్చిన పిల్లని కూడా ముందు ఆ గుంపులోనే కూర్చోబెట్టండి, ఎందుకు రాలేదని నిలబెట్టి అడగడం కంటే ఎక్కడ ఆగిందో చూడటం ముఖ్యం. వాళ్లకి ఇచ్చేది కూడా వాళ్లకి కాస్త మించిందే ఉండాలి సుమా.

మెచ్చుకోవడం గురించి. 1998లో మ్యూలర్, డ్వెక్ అని ఇద్దరు అమెరికాలో ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగం మీకు నచ్చుతుంది. కొన్ని చిక్కుప్రశ్నలు చేశాక కొందరిని నువ్వు తెలివైనదానివి అని మెచ్చుకున్నారు, కొందరిని బాగా కష్టపడ్డావు అని. తర్వాత ఏది కావాలో ఎంచుకోమంటే తెలివైనవాళ్లు అనిపించుకున్నవాళ్లలో ఎక్కువమంది తేలికవాటి వైపు వెళ్లారు, కష్టమైన ప్రశ్నల్లో దెబ్బ తిన్నాక మామూలువి ఇచ్చినా ముందుకంటే తక్కువ చేశారు, వాళ్లలో చాలామంది తమ మార్కులు పెంచి చెప్పారు కూడా. తెలివైనదాన్నన్న పేరు పోతుందేమోనన్న భయం అది. అలాగని చేయనివాళ్లకి కూడా 'కష్టపడ్డావ్ కష్టపడ్డావ్' అంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఏం చేసిందో ఆ పని పేరు పెట్టి చెప్పండి: 'నువ్వు ముందు బొమ్మ గీసుకున్నావు చూడు, అక్కడే సగం లెక్క తేలిపోయింది.' ఈ ఒక్క ముక్క వంద వెరీ గుడ్‌ల పెట్టు.

నోట్సులు దిద్దేటప్పుడు కూడా అంతే. రూత్ బట్లర్ ఇజ్రాయెల్ బళ్లలో చేసి 1988లో ప్రచురించిన పరిశోధనలో వట్టి మార్కులు ఇచ్చిన పిల్లలు ముందుకెళ్లలేదు, రాతపూర్వకంగా సలహా మాత్రమే ఇచ్చినవాళ్లు మెరుగుపడ్డారు, మార్కూ సలహా రెండూ ఇచ్చినవాళ్లు వట్టి మార్కులవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనపడగానే కళ్లు సలహా మీదికి పోవు మరి. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలకి మార్కులు తప్పవు, వేయండి. మామూలు రోజుల నోట్సుల్లో మార్కు వేయకుండా ఒక్క ప్రశ్న రాయండి, 'మూడో లైన్లో గుర్తు ఎందుకు మారింది?' అని. 38 నోట్సుల్లో రోజూ కుదరదు, రోజుకి ఏడెనిమిది తీసుకుంటే వారంలో అందరివీ వస్తాయి.

ఆ అమ్మాయి విషయం. మీరన్న మాటలో చేటు చేసింది 'ఇంత చిన్న లెక్క' అన్నది. 'ఇది చాలా ఈజీ' అని మనం ధైర్యం చెబుతున్నామనుకుంటాం, కానీ పిల్ల వైపు నుంచి చూడండి, వస్తే ఈజీదే కదా అని గొప్పేం లేదు, రాకపోతే ఈజీది కూడా రాలేదన్న సిగ్గు. ఆ మాట క్లాసులోంచే తీసేయండి. ఆ పిల్లని పిలిచి నిలబెట్టకండి, మిగతావాళ్లు పని చేసుకుంటున్నప్పుడు బెంచీ దగ్గరికి వెళ్లి 'ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది' అని ఒక్క మాట చెప్పండి, వివరణలేం వద్దు. కొన్నాళ్లు ఆమె నోట్సు గమనించి, బాగా చేసిన అడుగు కనపడినప్పుడు 'ఇది నీ పేరుతో బోర్డు మీద పెట్టొచ్చా?' అని అడగండి. వద్దంటే ఊరుకోండి, ఇంకోసారి అడగండి.

కొట్టమనే తల్లిదండ్రులకి, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించిందని చెప్పండి, అంతకంటే ముందు 'దెబ్బకి భయపడితే మీ పిల్ల పక్కవాళ్ల నోట్సు చూసి రాస్తుందే గానీ లెక్క నేర్చుకోదు' అని చెప్పండి, వాళ్లకి అది బాగా అర్థమవుతుంది.

సిలబస్ ఆలస్యమవుతుంది, మొదటి రెండు మూడు నెలలు తప్పకుండా ఆలస్యమవుతుంది. హెచ్ఎం గారికి ముందే వెళ్లి చెప్పుకోండి, ఇన్‌స్పెక్షన్ రోజు తెలిసేలా చేయకండి. ప్రతి అధ్యాయంలో ఉన్న ఇరవై లెక్కలూ బోర్డు మీద చేయాల్సిన పని లేదు, ఐదు లెక్కలు పిల్లలు చేస్తే మిగతావి అదే దారిలో వస్తాయి, అక్కడ మీకు టైం కలిసొస్తుంది. ఇప్పటి ఎఫ్ఏ పేపర్లు దాచిపెట్టుకుని, తర్వాతి ఎఫ్ఏ పేపర్లతో పక్కపక్కన పెట్టి, పిల్లలు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేసిన ప్రశ్నలు ఎన్నో రెండింట్లోనూ లెక్కపెట్టండి. హెచ్ఎం గారికి మార్కుల కంటే ముందు ఆ అంకె చూపించండి, మార్కులు దాని తర్వాతే కదులుతాయి.